తెలుగులో రికార్డు సమీక్ష

గ్రామఫోను ప్లేటు, ఎల్పీ, క్యాసెట్టు, సీడీ, ఇప్పటి ఆల్బమ్: రూపం ఏదైనా, కొత్తగా వెలువడిన సంగీతాన్ని విని దాని మంచిచెడ్డలు నిగ్గుతేల్చే రచనను రికార్డు సమీక్ష అంటారు. తెలుగులో ఈ ప్రక్రియ చాలాకాలం మద్రాసు పత్రికల నీడన పెరిగింది. కచేరీ సమీక్షకూ సినిమా సమీక్షకూ దొరికినంత చోటు మాత్రం దీనికి ఎప్పుడూ దొరకలేదు. సినిమా సమీక్షలో చివరి పేరాగానో, ఎల్పీ అట్ట వెనక రాతగానో, రేడియో వ్యాఖ్యగానో బతుకుతూ వచ్చింది. ఎందుకిలా జరిగిందని వెతుక్కుంటూ వెనక్కి వెళితే దారి మద్రాసులోని పురసవాక్కం దాకా వస్తుంది.

పురసవాక్కం: బొమ్మా, ప్లేటూ

తమిళంలో పురసు అంటే మోదుగ. ఊరి పేరు ఆ చెట్టు మీదుగా వచ్చిందని చెబుతారు. గంగాధరేశ్వరాలయం చుట్టూ ఉన్న ఈ పల్లె 1693లో ఎగ్మూరు, తొండియారుపేటలతో కలిసి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. తర్వాత నగరంలో కలిసిపోయింది.

మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడ్డ రఘుపతి వెంకయ్య నాయుడు 1910లో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. ఫ్రాన్సుకు చెందిన గోమాఁ కంపెనీ తయారీ అది. తెర మీద చిన్న బొమ్మ ఆడుతుంటే దానికి జతగా గ్రామఫోను ప్లేటు తిరుగుతుంది. బొమ్మ పెదవులు కదపడం, ప్లేటు పాడడం ఏకకాలంలో జరగాలి. మాటలొచ్చిన సినిమాకు ఇరవయ్యేళ్ళ ముందే మద్రాసు జనం ఈ వింత చూశారు, విన్నారు. వెంకయ్య 1914లో మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటరు కట్టారు. ఆ తర్వాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కట్టారు. ఈ గ్లోబే తరువాతి తరాలకు రాక్సీగా తెలుసు. ఆ రోజుల్లోనే పురసవాక్కం మిల్లర్స్ రోడ్డులో ఆర్. నటరాజ మొదలియారు స్టూడియో పెట్టి, దక్షిణాదిలో తొలి మూకీ కథాచిత్రంగా పేరొందిన ‘కీచకవధం’ తీశారు.

ఈ కథ ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. మద్రాసు తెలుగువారి చెవికి యంత్రసంగీతం బొమ్మతో ముడిపడి చేరింది. ప్లేటును ప్లేటుగా, బొమ్మ ఊసు లేకుండా వినే అలవాటు బలపడలేదు. రికార్డు మీద అభిప్రాయం అడిగితే ‘ఏ సినిమాలోది’ అన్న ఎదురుప్రశ్న మనవాళ్ళకు ఇవాళ్టికీ సహజంగా వస్తుంది. సమీక్షకుడు కూడా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాడు.

మూడు నిమిషాల ప్లేటు

గౌహర్ జాన్ కలకత్తాలో పాడిన 1902 నుంచి మన దేశంలో రికార్డింగు మొదలైంది. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ పట్టేది. గంటసేపు పాడే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో ఇమడ్చడం విద్వాంసులకు పెద్ద పరీక్ష. రంగస్థల పద్యానికి మాత్రం ఆ కొలత చక్కగా సరిపోయింది. ఒక పద్యం, దాని వెనక దీర్ఘమైన రాగాలాపన, అంతటితో వైపు పూర్తి. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాల ప్లేట్లు పల్లెపల్లెకూ పాకడంలో ఈ కొలత పాత్ర కొంత ఉందని నా నమ్మకం.

లండన్‌లో కాంప్టన్ మెకెంజీ 1923లో ‘ది గ్రామఫోన్’ పత్రిక పెట్టి, నెలనెలా వచ్చే ప్లేట్లను వరసబెట్టి సమీక్షించే పద్ధతిని స్థిరపరిచాడు. తెలుగులో ఆంధ్రపత్రిక అప్పటికే, 1914 నుంచి, మద్రాసులోనే దినపత్రికగా వెలువడుతూ ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో ‘భారతి’ మాసపత్రిక కూడా మొదలుపెట్టారు. కవిత్వానికీ, శాసనాలకూ, సంగీతశాస్త్ర చర్చకూ అందులో చోటుండేది. ప్లేట్ల సమీక్ష కోసమే ఒక పత్రిక మాత్రం మనకు పుట్టలేదు. కొనుగోలుదారుకు కంపెనీల క్యాటలాగే దిక్కు, అందులో ప్రతి గాయకుడూ మహాగాయకుడే.

ఆ లోటును కొంత రేడియో తీర్చింది. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం పురసవాక్కానికి పొరుగునే, ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులో ప్రారంభమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు అక్కడ చేరాక లలితసంగీతం అనే కొత్త బాణీ నిలదొక్కుకుంది. ఏ పాట ఎన్నిసార్లు గాలిలోకి వెళ్ళాలన్న ఎంపికే అప్పట్లో ఒక తీర్పు.

1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగు టాకీ వచ్చాక సమీక్ష సినిమా పంచన చేరిపోయింది. కృష్ణాపత్రికలో ‘సినీఫాన్’ పేరుతో కమలాకర కామేశ్వరరావు రాసిన సమీక్షలు ఆ కాలంలో పేరుపడ్డాయి. ఆ రోజుల్లో చాలా పాటలను ప్లేటు కోసం నటులు వేరుగా మళ్ళీ పాడేవారు. తెర మీది పాటకూ ప్లేటులోని పాటకూ చరణాల్లో, వేగంలో, వాద్యాల్లో తేడా ఉండేది. వినికిడి పట్టు ఉన్న విమర్శకుడికి అది మంచి మేత. పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ పని దశాబ్దాల తర్వాత ఒక సేకర్త చేయాల్సి వచ్చింది.

ఉచ్చారణ తగాదా

ప్రపంచంలో ఏ భాష సమీక్షకుడైనా శ్రుతి, లయ, వాద్యగోష్ఠి, రికార్డింగు నాణ్యత చూస్తాడు. తెలుగు సమీక్షకుడు వీటన్నిటికంటే ముందు మాట వింటాడు. దీనికి మద్రాసే కారణం. కర్ణాటక సంగీతంలో కృతుల్లో పెద్దపాలు తెలుగు, పాడేవారిలో పెద్దపాలు తమిళులు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే తమిళ స్వరపుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపిస్తారు. అంకెను చూడకుండా నేర్చుకున్న నోట త్యాగయ్య మాట వేరే మాటైపోతుంది. ఇంతకంటే నొప్పించేది పదం విరుపు. సంగతి అందంగా వేయాలని పదం నడుమ ఊపిరి తీస్తే, మొదటి సగం అంతకుముందు మాటకూ, రెండో సగం తరువాతి మాటకూ అతుక్కుని అర్థం తలకిందులవుతుంది.

కచేరీలో ఇలాంటి పొరపాటు ఆ సాయంత్రంతో పోతుంది. ప్లేటు మీద మాత్రం అదే తప్పు వేలసార్లు తిరుగుతుంది, శిష్యులు దాన్నే పాఠంగా నేర్చుకుంటారు. రికార్డు సమీక్షలో ఉచ్చారణకు తెలుగువారిచ్చే బరువును ఛాదస్తమనుకునేవారు ఈ సంగతి గుర్తించాలి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనల రికార్డులు తెలుగిళ్ళలో అంతగా నిలిచిపోవడానికి గాత్రమెంత కారణమో, ప్రతి అక్షరం ముత్యంలా వినబడడమూ అంతే కారణం.

అవతలి పక్షమూ న్యాయంగా చెప్పాలి. ‘కల్కి’ కృష్ణమూర్తి ‘కర్ణాటకం’ అనే కలంపేరుతో ఆనందవికటన్‌లో రాసిన సమీక్షలు తమిళ సంగీతవిమర్శకు పదునుపెట్టాయి. వినేవారికి అర్థం కాని భాషలో రాత్రంతా పాడడమేమిటన్న ప్రశ్నతో తమిళ ఇసై ఉద్యమం లేచింది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జరిగిన సభతో అది ఊపందుకుంది. తెలుగు మాట సరిగ్గా పలకడం లేదన్న మన ఫిర్యాదూ, తెలుగు మాటే ఎందుకన్న వారి ఫిర్యాదూ ఒకే అసంతృప్తికి రెండు ముఖాలు. పాటలో మాటకు ప్రాణముండాలనే ఇద్దరి కోరికా.

ఎల్పీ అట్ట

ఎల్పీ రావడంతో ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటింది. సమీక్షకు చేతినిండా సరుకు దొరికింది. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూసిన తర్వాత ఆయన భగవద్గీత ఎల్పీ విడుదలైంది. శ్లోకం, వెంటనే తెలుగులో తాత్పర్యం: ఆ అమరిక గీతను పండితుల గదిలోంచి నడవలోకి తెచ్చింది. ఆ రికార్డు మీద నిష్పాక్షికమైన సమీక్ష రాయడం ఆనాడు ఎవరికైనా కష్టమయ్యేది. జనం దాన్ని వీడ్కోలుగా విన్నారు.

తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలు 1980 ప్రాంతంలో వచ్చాయి. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది కానీ స్వరం లేదు. నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కొత్తగా బాణీలు కట్టారు. రేకు మీది రాగంలోనే కట్టాలా, కీర్తన భావానికి నప్పే రాగం ఎంచుకోవచ్చా? ఒక ఆల్బమ్ చుట్టూ జరగదగ్గ చర్చ అంటే ఇదీ. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ స్వరపరిచిన కీర్తనలతో పోల్చి వింటే ఇప్పటికీ కొత్త సంగతులు బయటపడతాయి.

1980లోనే ‘శంకరాభరణం’ సినిమా వచ్చింది. కె.వి. మహదేవన్ సంగీతంలో, శాస్త్రీయ శిక్షణ లేని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం విద్వాంసుడి గొంతుగా పాడారు. ఇది శాస్త్రీయమా, దాని ఛాయా అన్న వాదం చాలాకాలం నడిచింది. రెండు పక్షాల వాళ్ళూ ఆ ఎల్పీ కొన్నారు.

మద్రాసు నుంచి రాసినవారిలో ఇద్దరిని ప్రత్యేకంగా చెప్పాలి. 1952 నుంచి 1980లో మరణించేదాకా చందమామలో పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు సినిమాపాట మీద వ్యాసాలు రాశారు. పాట జనం అభిరుచిని ఎటు నడుపుతోందన్న దృష్టి ఆయనది. రెండోవారు వి.ఎ.కె. రంగారావు. బొబ్బిలి రాజవంశానికి చెందిన ఆయన మద్రాసులో వేలకొద్దీ 78 ఆర్‌పీఎం ప్లేట్లు సేకరించారు. ఆయన ‘ఆలాపన’ వ్యాసాల్లో పాట పుట్టిన సందర్భం, ఎవరి బాణీ ఎక్కడినుంచి వచ్చింది, ప్లేటు మీద ఏ చరణం ఎగిరిపోయింది, అన్నీ ఉంటాయి. ఆయనకు మొహమాటం లేదు, నచ్చనిది నచ్చలేదని పేరుపెట్టి రాస్తారు. తెలుగు రికార్డు సమీక్షకు ఒక ఒరవడి దొరికిందంటే అది రంగారావు వల్లనే అని నా అభిప్రాయం. 1966లో విజయావారు మొదలుపెట్టి, రావి కొండలరావు నడిపిన ‘విజయచిత్ర’ వంటి పత్రికలు సినిమాపాటను ఇంటింటి ముచ్చట చేశాయి.

క్యాసెట్టు, కలిసిన బాణీలు

ఎనభైల్లో క్యాసెట్టు వచ్చి సంగీతాన్ని చవక చేసింది. కొత్త విడుదలలు వారం వారం కుప్పపోశాయి. సమీక్షకు పరీక్ష పెట్టినవి వర్గానికి ఒదగని ఆల్బములు. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ విడుదల చేసి త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చారు. కృతి విమర్శకుడు దాన్ని తన కొలతతో కొలవలేకపోయాడు, సినిమా విమర్శకుడికి అందులో సినిమా దొరకలేదు. పాలకొల్లులో పుట్టి మద్రాసులో వెలిగిన మాండలిన్ శ్రీనివాస్ 1995లో మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ పరిస్థితీ అదే. ఎన్. పట్టాభిరామన్ 1983లో మద్రాసులో ప్రారంభించిన ‘శ్రుతి’ ఇంగ్లీషులో శాస్త్రీయ సంగీతానికి నిలకడైన వేదిక ఇచ్చింది. తెలుగులో అలాంటి ప్రయత్నం 2001లో హైదరాబాదులో మొదలైంది. శాంతా బయోటెక్ వరప్రసాదరెడ్డి అండతో, ఎం.బి.ఎస్. ప్రసాద్, రాజా నిర్వహణలో వెలువడిన ‘హాసం’ హాస్యానికీ సంగీతానికీ పీట వేసింది. కొన్నేళ్ళకే ఆగిపోవడం తెలుగు సంగీతప్రియులకు నిజమైన నష్టం.

ఆ తర్వాతి మంచి రాత సముద్రాల అవతలి నుంచీ వచ్చింది. అంతర్జాల పత్రిక ‘ఈమాట’లో కుటుంబరావు కుమారుడు, అణుశాస్త్రవేత్త, సితార్ వాదకుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాగాల మీద రాశారు. పరుచూరి శ్రీనివాస్ పాత రికార్డింగులను టిప్పణులతో సహా వినిపిస్తూ వచ్చారు.

విడిపాటలు

సినిమా ఆడియో ఒకేసారి విడుదలయ్యే పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ సినిమాకు తమన్ కట్టిన తొలిపాట 2019 సెప్టెంబరులోనే వచ్చేసింది. మిగతావి ఒక్కొక్కటిగా దిగాయి. పాటల వరసను, వాటి మధ్య సంబంధాన్ని తూచే సమీక్ష రాయడానికి ఆల్బమ్ మొత్తం చేతికొచ్చేసరికి జనం తీర్పు చెప్పేసి ఉంటారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన ఆ తొలిపాటను పాడిన సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన గాయకుడు, కర్ణాటక సంగీతం తల్లి దగ్గర నేర్చుకున్నవాడు. ఆయన తెలుగు పాటలు వచ్చినప్పుడల్లా శ్రోతలు గొంతును మెచ్చుకుంటూనే, మాట పలికిన తీరు మీద చర్చ పెడుతూనే ఉన్నారు.