బ్యూట్ షోమోన్: క్వారీ గుంతల్లోంచి లేచిన తోట

పారిస్ నగరానికి ఈశాన్యాన, 19వ వార్డులో ఉన్న బ్యూట్ షోమోన్ పార్కులో ముందుగా కంటపడేది ఒక చెరువు, దాని నడుమ నిటారుగా లేచిన బండ, ఆ బండ నెత్తిన గుండ్రటి చిన్న మండపం. దాదాపు 25 హెక్టార్ల ఈ చోటును చూస్తే, నగరం నలువైపులా పెరుగుతూ ఒక్క ఈ కొండను మాత్రం దయతలిచి వదిలేసిందేమో అనిపిస్తుంది. నిజానికి పారిస్‌లో ఇంతగా తవ్వి, తొలిచి, చెత్త పోసి పాడుచేసిన నేల మరొకటి అరుదు. చచ్చిపోయిందనుకున్న ఆ నేలను ఇంజినీర్లు, తోటమాలులు, కూలీలు కలిసి బతికించారు. ఈ పార్కు చారిత్రకమైనది కావడానికి ఆ పనే కారణమని, దాన్ని ఆ కళ్లతోనే చూడాలని నా వాదన.

ఈ గుట్టల కడుపులో ఉన్నది జిప్సం. దాన్ని కాల్చి పొడి చేస్తే ప్లాస్టర్ వస్తుంది. వినాయక చవితి విగ్రహాల వల్ల మనకు బాగా తెలిసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఆ పేరు తెచ్చినవి ఈ నగరం కింది ఇలాంటి గనులే. పారిస్ ఇళ్ల గోడలకు, పైకప్పులకు సరుకు అందించేందుకు కొండను బయటినుంచి కోశారు, లోపలినుంచి సొరంగాలు తవ్వారు. పక్కనే ఉన్న మోన్‌ఫోకోన్ మరీ భయంకరమైన చోటు. 13వ శతాబ్దం నుంచి రాజుల ఉరికొయ్యలు అక్కడే ఉండేవి. తర్వాతి కాలంలో నగరం మలమూత్రాలను బళ్లతో తెచ్చి పోసిన గుంతలూ, పనికిరాని గుర్రాలను చంపి చర్మం ఒలిచే దొడ్లూ అక్కడే వెలిశాయి. 1860లో పారిస్ పొలిమేరలు పెంచి బెల్‌విల్, లా విలెట్ వంటి శివారు ఊళ్లను కలుపుకోవడంతో, ఊరి బయట ఉన్న కంపు కాస్తా ఊరి మధ్యకు వచ్చి కూర్చుంది.

ప్రవాసంలో ఉన్నప్పుడు లండన్ పార్కులను చూసి ముచ్చటపడిన మూడవ నెపోలియన్ అప్పుడు చక్రవర్తి. ఆయన తరఫున నగరాన్ని తిరగకట్టిస్తున్న అధికారి ఓస్మాన్. ఇద్దరూ ఈ పని అప్పజెప్పింది ఇంజినీరు అడాల్ఫ్ ఆల్ఫాన్‌కు. 1864లో పని మొదలైంది. నేలను మెట్లు మెట్లుగా సరిచేయడానికే రెండేళ్లు పట్టింది. మందుగుండుతో బండను చెక్కారు. వెయ్యి మంది కూలీలు చెరువు తవ్వి, గుట్టల వాలు తీర్చారు. గడ్డి కూడా సరిగా మొలవని ఆ నేల మీద పరచడానికి 2 లక్షల ఘనపు మీటర్ల సారవంతమైన మట్టిని, ప్రత్యేకంగా పట్టాలు వేసి రైలు పెట్టెల్లో తెప్పించారు. ఊర్క్ కాలువ నీటిని పంపులతో పైకెక్కించి జలపాతంగా వదిలారు. మొక్కల బాధ్యత బారియె-దెషాన్‌ది. ఇటలీలోని తివోలి గుడి నమూనాలో మండపం కట్టింది వాస్తుశిల్పి దావియూ. ప్రపంచ ప్రదర్శన జరిగిన 1867లో, ఏప్రిల్ 1న పార్కు తలుపులు తెరిచారు.

ఇదంతా కృత్రిమమే కదా, దీన్ని ప్రకృతి అని ఎలా ఒప్పుకుంటామని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దారి పక్కన చేతికి తగిలే కటకటాలను దగ్గరగా చూడండి. బెరడు ఊడిన కొమ్మలు, ముళ్లు, నరికిన చోట గుండ్రటి వలయాలు కనిపిస్తాయి. అన్నీ సిమెంటే. తడి ఆరకముందే పనివాళ్లు కొమ్మ రూపం దిద్దారు. 20 మీటర్ల ఎత్తున్న గుహ పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు కూడా చేసిపెట్టినవే. కానీ ఆ గుహ మాత్రం పాత క్వారీదే. బండ కోతలు, నిటారు అంచులు గని పనివాళ్ల చేతులు మిగిల్చినవి. అంటే ఆల్ఫాన్ గాయాన్ని పూడ్చి దాచలేదు, ఆ గాయాన్నే కొండగా నిలబెట్టాడు. పైగా ఇక్కడ చేయి వేయకుండా వదిలేయడం అసలు కుదరదు. జిప్సం నీళ్లకు కరుగుతుంది, కాబట్టి ఎప్పటికప్పుడు మరమ్మతు తప్పదు. ఇక్కడి భూమి ఎంత బలహీనమో పార్కు పేరుతోనే ఉన్న మెట్రో స్టేషన్ చెబుతుంది. నేల బరువును ఆపడానికి అక్కడ రెండు పట్టాల మధ్య గోడ కట్టి, స్టేషన్‌ను రెండు సగాలు చేశారు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా పదునైనది. ఓస్మాన్ వీధుల కోసం నడి పారిస్‌లో ఇళ్లు కోల్పోయిన పేదలు ఎందరో ఈ శివార్లకు చేరారు. వాళ్ల కోపం చల్లార్చడానికి, ప్రదర్శనకు వచ్చే విదేశీయుల ముందు గొప్ప చూపించుకోవడానికి చక్రవర్తి వేసిన ఎత్తే ఈ తోట అని చరిత్ర చదివినవారు అంటారు. అందులో నిజముంది. తోట ఇచ్చినంత మాత్రాన ఆ జనం పాలకులకు లొంగిపోలేదన్నదీ నిజమే. పార్కు తెరిచి నాలుగేళ్లు దాటగానే, 1871 మే చివరి వారంలో, ప్రభుత్వంపై తిరగబడిన పారిస్ కమ్యూన్ ఆఖరి పోరాటాల్లో ఒకటి ఈ గుట్టల మీదే జరిగింది. అయితే కట్టించినవాడి ఉద్దేశమే కట్టడానికి శాశ్వతమైన అర్థం కాదు. సామ్రాజ్యం 1870లోనే కూలింది. తోట మాత్రం చుట్టుపక్కల జనం సొత్తయింది. ఎండ కాసిన ఆదివారం ఆ వాలు పచ్చికల మీద కూర్చునే కుటుంబాలు ఏ చక్రవర్తికీ రుణపడి లేవు.

అందుకే ఇక్కడికి వెళ్లేవారు మండపం దగ్గర ఫొటో దిగి తిరిగిరావడం కన్నా, ముందు గుహలోకి వెళ్లి ఆ కోతలను చూడడం మేలు. పార్కును కాపాడేవారికీ ఇదే వర్తిస్తుంది. నూటయాభై ఏళ్ల చెట్టుకు ఎంత విలువ ఉందో, పగుళ్లిచ్చిన సిమెంటు కటకటానికీ, నీళ్లు తోడే ఏర్పాటుకూ అంతే విలువ ఉంది, ఎందుకంటే అవి లేనిదే ఆ చెట్టు అక్కడ లేదు. పాడైన నేల ఇక ఎందుకూ పనికిరాదని చేతులు దులుపుకునే నగరాలకు బ్యూట్ షోమోన్ గట్టి జవాబు. ఆ జవాబు చవకగా రాలేదు. ప్రజాధనం, వెయ్యి మంది చెమట, ఆ తర్వాత ఏనాడూ ఆగని మరమ్మతు దాని వెల. ఆ వెల కట్టడానికి సిద్ధపడితే క్వారీ గుంత కూడా తరతరాల ఆస్తి అవుతుంది.