కుమారీ శతకం నుంచి ‘ఆంధ్ర కవయిత్రులు’ దాకా: తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలో ఆడపిల్లల నీతిపద్యం

ఆడపిల్లకు మంచి నడవడి నేర్పడానికి పద్యాలు ఏర్చి కూర్చడం చాలా దేశాల్లో ఉన్న అలవాటే. 1767లో లండన్‌లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ యువతుల కోసం ఒక పద్య సంకలనం కూర్చి, దాన్ని భక్తి, నీతి, వినోదం అని మూడు భాగాలు చేశాడు. తెలుగునాట ఈ పని ఎక్కువగా శతకం చేసింది. ఆ తరవాత పాఠ్యపుస్తకాల్లోని నీతిపద్యాలు, స్త్రీల పత్రికలు, స్త్రీల పాటల సంపుటాలు అందుకున్నాయి.

ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న చిన్నది. ఆడపిల్ల కోసం కూర్చిన నీతి సాహిత్యంలో ఎవరు మాట్లాడారు, ఎవరితో మాట్లాడారు, ఏరే అధికారం ఎవరి చేతిలో ఉంది? తెనాలి, బాపట్ల, రేపల్లె సీమను, అక్కడ పనిచేసిన రచయితలను ఆధారంగా తీసుకుని దీనికి జవాబు వెతకడం నా ప్రయత్నం. ఒక హద్దు ముందే గీసుకోవాలి. నీతిపద్యం ఆనాటి పెద్దలు ఏం కోరుకున్నారో చెబుతుంది. పిల్లలు అలాగే నడుచుకున్నారనడానికి అది సాక్ష్యం కాదు.

మూడు ఊళ్ళు, ఒక పాఠక సీమ

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. చరిత్రలో మాత్రం ఈ మూడూ కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన ఊళ్ళే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు, వరిపంట వచ్చాయి. 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు తెనాలి, బాపట్లల మీదుగా రైలుదారి కలిసింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు శాఖ పడింది. మద్రాసులో, కాకినాడలో, ఏలూరులో అచ్చయిన పత్రిక ఈ ఊళ్ళకు చేరడానికి దారి ఏర్పడింది.

దారి ఏర్పడగానే చదివేవాళ్ళు పుట్టుకురాలేదు. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాలు వచ్చిన స్త్రీలు 0.6 శాతమే. కాబట్టి స్త్రీల కోసం అచ్చయిన పద్యం మొదట కంటికన్నా చెవికే పనికొచ్చిందని అనుకోవడం సబబు. ఇంట్లో ఒకరు చదివితే నలుగురు విని కంఠస్థం చేసేవారు. నీతి చెప్పేవాళ్ళు వచనం వదిలి ఛందస్సును పట్టుకోవడానికి ఇదొక బలమైన కారణం అయి ఉండాలి.

తరవాతి కాలంలో చదువరి దగ్గరికే పుస్తకాన్ని తీసుకెళ్ళిన ప్రయత్నమూ ఈ సీమలోనే జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ప్రయాణికులు పడవలో కూర్చునే పుస్తకాలు చదువుకున్నారు.

కుమారీ శతకం చెప్పినది

ఈ తరహా రచనల్లో బాగా వ్యాపించింది పక్కి వేంకట నరసింహకవి పేరుతో ప్రచారంలో ఉన్న కుమారీ శతకం. అన్నీ కంద పద్యాలు, ‘కుమారీ’ మకుటం. పెద్దవాడు పెళ్ళీడు పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టు ఉంటుంది. అత్తమామల సేవ, మగని మాటకు ఎదురాడకపోవడం, తోడికోడళ్ళతో పొందిక, ఇరుగుపొరుగు ఇళ్ళకు ఊరికే తిరగకపోవడం ఇందులో పదేపదే వచ్చే విషయాలు.

దీని పక్కన కుమార శతకం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అది మగపిల్లవాడికి గురువును, స్నేహాన్ని, పెద్దల సభను, లోకవ్యవహారాన్ని చెబుతుంది. ఆడపిల్లకు చెప్పిన నీతిలో లోకం చాలామటుకు అత్తింటి గడప దగ్గరే ఆగుతుంది. రెండిటిలోనూ వినయం, మాట నిలకడ, ఓర్పు ఉన్నాయి. అయితే మగపిల్లవాడికి ఆ గుణాలు బతుకులో పైకి రావడానికి పనిముట్లు, ఆడపిల్లకు అవి కాపురం చెడకుండా కాచే కావలి.

ఈ ఒక్క పోలికతో ఆనాటి సమాజాన్నంతా తూచడం న్యాయం కాదు. పసివయసులోనే కొత్త ఇంటికి వెళ్ళే పిల్లకు అక్కడ మాట పడకుండా నెగ్గుకొచ్చే ఉపాయం చెప్పాలన్న ఆదుర్దా కూడా ఈ పద్యాల్లో ఉంది. ఇంటిని మార్చే శక్తి పిల్లకు లేదనుకున్న తండ్రి పిల్లనే మార్చబోయాడు. దయ, కట్టడి ఒకే పద్యంలో కలిసి ఉన్నాయని గుర్తించకపోతే ఈ శతకం ఇన్ని తరాలు ఎందుకు నిలిచిందో అర్థం కాదు.

ఏరడమే తీర్పు

శతకంలో ఏ పద్యానికి ఆ పద్యం విడిగా నిలుస్తుంది. పది తీసి పది వదిలినా కథ తెగదు. నీతిపద్యాల సంకలనకర్తకు ఇది పెద్ద వెసులుబాటు. సుమతీ శతకంలో స్త్రీలను చిన్నబుచ్చే పద్యాలు, వేశ్యల ప్రస్తావనలు ఉన్నాయి. బడి పుస్తకాల్లో అవి కనబడవు. ఉపకారం, మంచి మాట, స్నేహం గురించిన పద్యాలే కనబడతాయి. మనం చిన్నప్పుడు చదివిన సుమతి ఎవరో ఏరి ఇచ్చిన సుమతి. ఆ ఏరివేత చాలావరకు మేలే చేసింది.

అదే ఏరివేత మరోవైపు కూడా కోసింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు, 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రిక నడిపారు. ఆయనే తమ కవుల చరిత్రలో, తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ స్త్రీలు వినదగినది కాదని తీర్పు చెప్పారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అది తొలగడానికి 1947 దాకా పట్టింది.

ఆడపిల్ల చదువుకు తలుపు తీసిన చెయ్యే ఆమె ఏం చదవాలో కూడా నిర్ణయించింది. వీరేశలింగం సేవను ఇది తగ్గించదు. సంస్కరణ, నియంత్రణ ఒకే మనిషిలో కలిసి ఉండగలవని మాత్రం చూపుతుంది.

బాపట్లలో మారిన గొంతు

ఈ కథ మలుపు తిరిగిన చోట్లలో బాపట్ల ఒకటి. 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ ఇక్కడే జరిగింది. ఆ సందర్భంగా జరిగిన ఆంధ్ర మహిళా సభకు కొటికలపూడి సీతమ్మ (1874–1936) అధ్యక్షత వహించారు. ఆమె కవయిత్రి, వీరేశలింగం బాటను సమర్థించిన వ్యక్తి. అహల్యాబాయి చరిత్రను కావ్యంగా రాశారు, ‘సాధురక్షక శతకము’ కూర్చారు. పద్యంలో శ్రోతగా ఉన్న స్త్రీ శతకకర్తగా, సభాధ్యక్షురాలిగా నిలబడింది.

రెండో ఆధారం కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978). ఆమె పుట్టినది, పనిచేసినది బాపట్లలోనే. మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి నడిపిన ‘గృహలక్ష్మి’ పత్రికలో 1928 నుంచి ‘శారద లేఖలు’ రాశారు. శారద అనే స్త్రీ తన నేస్తం కల్పలతకు రాసే ఉత్తరాలవి. బాల్యవివాహాల నిరోధానికి 1929లో వచ్చిన శారదా చట్టం, స్త్రీ విద్య, ఖద్దరు, జాతీయోద్యమం వాటిలో చర్చకు వచ్చాయి. ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 14 ఏళ్ళని ఆ చట్టం చెప్పింది. వరలక్ష్మమ్మ పెళ్ళి 1909లో జరిగింది. అప్పటికి ఆమెకు నిండా ఆ వయసు లేదు.

ఆమె పద్యాన్ని వదల్లేదు. ‘ద్రౌపదీ వస్త్ర సంరక్షణము’ ద్విపదలో రాశారు. పాడుకోవడానికి అనువైన ఛందస్సు ద్విపద. నీతిని పూర్తిగా తోసిపుచ్చిన రచయిత్రి కూడా కారు. గృహిణి ధర్మం మీద ఆమెకు గౌరవం ఉంది. మారినది మాట్లాడే తీరు. కుమారీ శతకంలో పెద్దవాడు చిన్నపిల్లకు ఆజ్ఞ ఇస్తాడు, శారద లేఖల్లో ఈడైన నేస్తంతో విషయం చర్చకు పెడుతుంది. వినేవాళ్ళకు జవాబిచ్చే చోటు దొరికింది. 1931లో ఆమె బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించారు. 1934లో మొదటి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆమెకే దక్కింది.

తెనాలిలో వాదం

తెనాలి ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్న ఊరు కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ఇక్కడి సూతాశ్రమం నుంచి పురాణ నీతిని ప్రశ్నించారు. పెళ్ళితంతు వధూవరులకు అర్థం కావాలని తెలుగులో ‘వివాహ విధి’ రాసి, తానే పురోహితుడై పెళ్ళిళ్ళు చేయించారు. ఆడపిల్లకు తన పెళ్ళిలో ఏ మాట ఇస్తున్నదో తెలియాలన్నది కూడా నైతిక విద్యే. తెనాలిలో పెరిగిన చలం (1894–1979) ‘స్త్రీ’ గ్రంథంలో పాతివ్రత్య బోధనే నిలదీశారు. అదే తెనాలిలో బులుసు సూర్యప్రకాశశాస్త్రి సాధన గ్రంథ మండలి పక్షాన ఆధ్యాత్మిక గ్రంథాలు అచ్చు వేసి ఇంటింటికీ చేర్చారు. కాబట్టి డెల్టాలో స్త్రీల నీతి సాహిత్యం ఒక సరళరేఖలో పాత నుంచి కొత్తకు నడిచిందని చెప్పలేం. రెండు ధోరణులూ ఒకే ఊళ్ళో నడిచాయి.

సంకలనకర్త స్త్రీ అయినప్పుడు

ఏరే అధికారం స్త్రీ చేతికి వచ్చినప్పుడు ఏమవుతుందన్నదానికి మంచి ఆధారం బాపట్ల కోడలు ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ (1917–1996) రాసిన ‘ఆంధ్ర కవయిత్రులు’. 1953లో వెలువడిన ఈ గ్రంథం తెలుగు కవయిత్రుల జీవితాలను, రచనలను వరసగా పరిచయం చేస్తుంది. ఆమె రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంతో ముడిపడిన నాళం కృష్ణారావు, సుశీలమ్మ దంపతుల కూతురు. పుస్తకాల మధ్య పెరిగారు.

ఇది నీతి బోధ కోసం రాసిన పుస్తకం కాదు. అయినా చదివే ఆడపిల్లకు ఇందులో ఒక ఆదర్శం దొరుకుతుంది. మొదటి తరం నీతి సాహిత్యం సీతను, సావిత్రిని, దమయంతిని చూపించింది. ఈ పుస్తకం మొల్లను, తరిగొండ వెంగమాంబను చూపింది. భర్త కోసం కష్టపడిన పాత్రల పక్కన, కావ్యం కోసం కష్టపడిన మనుషులు వచ్చారు. 1901లో భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’తో వచనంలో మొదలుపెట్టిన పనికి ఇది సాహిత్య రంగంలో కొనసాగింపు.

పుస్తకానికి బయట ఉన్నది

అచ్చుకెక్కిన పద్యాలనే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. అప్పగింతల పాటలు కూడా కూతురికి బుద్ధులు చెబుతాయి, చాలాసార్లు కుమారీ శతకం చెప్పిన బుద్ధులే. తేడా ఏమిటంటే అక్కడ పాడేది తల్లి, పిన్ని, మేనత్త. బుద్ధితోపాటు ఏడుపు కూడా ఉంటుంది. 1955లో కృష్ణశ్రీ సంపాదకత్వంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్ళాయి. ఊర్మిళాదేవి నిద్ర లాంటి పాటల్లో స్త్రీలు పురాణాన్ని తమ వైపు నుంచి చూశారు. నీతిని విన్న స్త్రీలే దానికి తమ మాట కలిపారనడానికి ఇవి నికరమైన సాక్ష్యం.

తేలినది

పై ఆధారాలు మూడు మాటలకు బలమిస్తాయి. ఒకటి, స్త్రీల నీతిపద్యం విలువ దాని భావంలో ఎంత ఉందో, దాన్ని ఎవరు ఏరారన్నదానిలోనూ అంతే ఉంది. రెండు, బాపట్లలో 1913 నుంచి 1953 దాకా జరిగిన పనిలో శ్రోత స్థానం నుంచి స్త్రీ రచయిత్రిగా, తరవాత చరిత్రకారిణిగా ఎదిగింది. మూడు, ఈ ఎదుగుదల పాత నీతిని తుడిచెయ్యలేదు, దాని పక్కనే నడిచింది. కుమారీ శతకాన్ని తగలబెట్టనక్కరలేదు, నెత్తిన పెట్టుకోనూ అక్కరలేదు. కుమార శతకంతో, శారద లేఖలతో, స్త్రీల పాటలతో కలిపి ఒకే తరగతిలో, మగపిల్లల చేత కూడా చదివించాలి.

చివరిగా ఒక విన్నపం. డెల్టా ఊళ్ళల్లో మన అమ్మమ్మలు, నాయనమ్మలు చేత్తో రాసుకున్న పాటల పుస్తకాలు ఉన్నాయి. పెళ్ళిపాటలు, మంగళహారతులు, నచ్చిన పద్యాలు, పత్రికలోంచి ఎత్తి రాసుకున్న గీతాలు ఒకే నోటుపుస్తకంలో కలిసి ఉంటాయి. ఏ పండితుడూ ఏరి ఇవ్వకుండా, ఆ స్త్రీలు తమకోసం తాము కూర్చుకున్న సంకలనాలవి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాతకాగితాలవాడికి వెయ్యకండి. రాసినావిడ పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం మొదటి పేజీలో రాసి, ఫోటోలు తీయించి, దగ్గరి గ్రంథాలయానికో కళాశాల తెలుగు శాఖకో ఒక ప్రతి ఇవ్వండి.