నిర్జనవీథి: ఛాయాచిత్రంలో శూన్యస్థలం

1838లో లూయీ డాగేర్ పారిస్ నగరంలోని తన నివాసపు కిటికీ నుండి, దిగువనున్న బుల్వార్ ద్యూ తాంప్ల్ అనే విశాలవీథిని వెండిపూత గల రాగిరేకుపై చిత్రించాడు. అది బండ్లతోను పాదచారులతోను క్రిక్కిరిసి ఉండే వీథి. అయినా ఆ రేకుపై అది నిర్జనంగా కనబడుతుంది. కొన్ని నిమిషాలపాటు వెలుతురు సోకితే తప్ప ఆ రేకుపై రూపం నిలువదు. అంతసేపు ఒకచోట కదలక ఉండనిదేదీ దానిపై ముద్ర వేయలేదు. ఎడమవైపు దిగువభాగంలో మాత్రం ఒక మనిషి ఆకారం మిగిలింది. జోళ్లకు మెరుగు పెట్టించుకొనడానికి నిలబడి ఉండడంవల్ల అతడు దక్కాడు. 1839లో ఈ చిత్రాన్ని చూసిన అమెరికా దేశస్థుడు శామ్యూల్ మోర్స్, స్వదేశానికి వ్రాసిన లేఖలో ఈ వింతను ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

చిత్రంలో విశాలమైన ఖాళీని విడిచి, వస్తువును ఒక అంచుకు ఒదిగించే పద్ధతిని నేడు మినిమలిజం అంటారు. కళావిమర్శలో ఈ మాటకు ప్రచారం వచ్చినది 1965లో రిచర్డ్ వోల్‌హైమ్ వ్రాసిన వ్యాసం తరువాత. ఇటువంటి చిత్రాలను మెచ్చేవారు ప్రశాంతత, ఏకాంతం, ధ్యానం అనే మాటలు వాడుతారు. డాగేర్ చిత్రంలోనూ ఈ గుణాలన్నీ కనబడుతవి. కాని అందులోని ప్రశాంతత ఆ వీథిది కాదు. రసాయనపు మాంద్యం కల్పించినది. కనుక ఛాయాచిత్రంలోని శూన్యం అందంగా ఉన్నదా అని అడుగుటకు ముందే మరొక ప్రశ్న వేయవలసి ఉన్నది. ఆ చోటు నిజంగా ఖాళీగా ఉన్నదా, యంత్రం దానిని ఖాళీ చేసిందా, లేక చిత్రించినవారు తెలిసి అట్లా విడిచారా?

కుంచె పట్టినవానికి ఈ చిక్కు లేదు. పదునారవ శతాబ్ది చివర జపాన్ చిత్రకారుడు హసెగావా తోహాకు దేవదారు వృక్షాలను తెరలపై చిత్రిస్తూ, అధికభాగాన్ని మంచుకే విడిచాడు. ఆ ఖాళీ పూర్తిగా అతని నిర్ణయం. ఆంగ్లచిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లో, ఆకాశానికి ఎంత పాలు, నేలకు ఎంత పాలు ఇవ్వాలన్న విషయాన్ని మూడుభాగాల సూత్రంగా వ్రాసిపెట్టాడు. తొలి ఛాయాగ్రాహకులకు ఆకాశం వశం కాలేదు. నాటి ఫలకాలు నీలివర్ణానికి అతిగా స్పందించేవి. నేల స్పష్టంగా వచ్చేసరికి ఆకాశం తెల్లకాగితంలా మారిపోయేది. 1856, 57 సంవత్సరాలలో గుస్తావ్ లె గ్రే సముద్రదృశ్యాలను చిత్రిస్తూ, కొన్నిటిలో అలలకు ఒక నెగెటివు, మేఘాలకు మరొక నెగెటివు తీసి, దిగంతరేఖ వద్ద రెండింటినీ అతికాడు. ఒకే ఆకాశం ఆయన వేర్వేరు సముద్రాలపై కనబడడం కద్దు. నేడు సొగసుగా ఎంచే తెల్లని ఆకాశం నాడు పూడ్చవలసిన లోపం.

ఈ చరిత్రలో భారతదేశానికి సంబంధించిన ఘట్టం అదే కాలంలో దక్షిణాన జరిగింది. ఆంధ్ర జిల్లాలు కూడా చేరి ఉన్న మద్రాసు రాజధానికి 1856లో లిన్నియస్ ట్రైప్ అనే సైనికాధికారి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమితుడైనాడు. 1857-58లో శ్రీరంగం, మధుర, తంజావూరు మొదలైన చోట్ల ఆలయాలను, కోటలను, మండపాలను చిత్రించాడు. నెగెటివులపై రంగు పూసి ఆకాశాన్ని సరిదిద్దడం, మేఘాలను కల్పించడం ఆయనకు అలవాటు. మేఘాలను తిరిగి తేగలిగిన ఆ చేతికి మనుష్యులను తేవడం సాధ్యం కాలేదు. నిత్యం భక్తులు తిరిగే ప్రాకారాలు ఆయన చిత్రాలలో చాలవరకు నిర్జనంగా నిలిచినవి. సిపాయిల తిరుగుబాటు నడుస్తున్న ఆ రోజులలో, అటువంటి చిత్రాలను దూరదేశంలో చూసినవారికి ఇది జనం అంతరించి రాళ్లు మాత్రం మిగిలిన దేశమన్న భావం కలగడం సులభం. ట్రైప్ ఉద్దేశం అది అని చెప్పడం న్యాయం కాదు. బృహదీశ్వరాలయపు అధిష్ఠానంపై ఉన్న శాసనాన్ని 21 చిత్రాలుగా తీసి ఒకే వరుసగా కూర్చినవాడు ఆయనే. ఆ దేశప్రజల అక్షరాలను అంత శ్రద్ధగా దక్కించినవాని ఫలకాలపై ఆ ప్రజలు దక్కలేదు. చిత్రకారుడు కోరకపోయినా ఖాళీస్థలం అసత్యం పలకగలదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

యంత్రం వేగం పుంజుకొన్న తరువాత ఈ సాకు పోయింది. ఇక ఖాళీ ఉంటే అది విడిచినవారి బాధ్యతే. ఆ బాధ్యతను వహించినవారిలో నస్రీన్ మొహమదీ ఒకరు. 1937లో కరాచీలో జన్మించి, లండన్‌లోను పారిస్‌లోను శిక్షణ పొంది, 1972 నుండి 1990లో మరణించేవరకు బరోడా విశ్వవిద్యాలయంలో ఆమె చిత్రకళ బోధించింది. ఆమె సహచరులలో కొందరు మనుష్యకథలను చిత్రాలలోకి తెస్తూ, 1981లో ‘ప్లేస్ ఫర్ పీపుల్’ అన్న పేరుతోనే ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ కాలంలోనే ఆమె సిరాగీతలతో, నలుపు తెలుపు ఛాయాచిత్రాలతో ఏకాంతంగా పనిచేసింది. అల వెనుదిరిగిన తీరంలో మిగిలిన చారలు, మగ్గంపై సాగిన నూలుపోగులు, రహదారిపై తెల్లగీతలు, అక్బరు కాలంలోనే రాజధాని హోదా కోల్పోయిన ఫతేపూర్ సిక్రీలోని రాతిపరుపు ఆమె చిత్రవస్తువులు.

ఈ చిత్రాలలోను మనుష్యులు అరుదే. కాని వీటికీ ట్రైప్ చిత్రాలకూ గల అంతరం చిన్నది కాదు. ట్రైప్ చిత్రం ‘ఇది మధుర’ అని చెప్పుతుంది. కనుక మధురలో లేనిదానికీ, లోపించినదానికీ అది జవాబుదారీ. మొహమదీ తన చిత్రాలకు పేర్లు పెట్టలేదు, ఊరిని చూపుతున్నానని చెప్పలేదు. రాతిపరుపును మాత్రమే తీసుకొని, చుట్టూ ఉన్నదానిని చట్రంతో కత్తిరించింది. ఆ కత్తిరింపు చూసేవానికి కనబడుతూనే ఉంటుంది. రేఖను ఒక అంచుకు నెట్టినప్పుడు మిగిలిన చోటంతా ఆ రేఖ సాగే దిక్కుగా మారుతుంది. అక్కడ శూన్యం దేనినీ దాచదు. తన జీవితకాలంలో ఆమె ఈ ఛాయాచిత్రాలను ప్రదర్శించలేదు. 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ ప్రారంభమైనప్పుడు జరిగిన ప్రదర్శనలలో ఆమె కృషికి ప్రత్యేకస్థానం లభించింది.

ఖాళీ ఎక్కువైనకొద్దీ చిత్రం లోతైనదవుతుందన్న నమ్మకం నేడు ప్రబలంగా ఉన్నది. అందుకోసం సందడి గల తీరాలనుండి, సంతలనుండి మనుష్యులను తొలగించడం నేటి సాధనాలతో క్షణాల పని. డాగేర్ రేకు అసమర్థతవల్ల చేసినదానిని నేటి చేయి ఇష్టపూర్వకంగా చేస్తుంది. ఇట్లా ఏర్పడిన ప్రశాంతతను మెచ్చేముందు, పారిస్ వీథి మూలన నిలబడిన ఆ ఒక్క మనిషిని స్మరించడం మంచిది. అతడు మిగిలినందువల్లనే, మిగిలిన వీథి నిజానికి ఖాళీగా లేదని తెలిసింది.