దొరికిన చోటు కోల్పోయిన వస్తువులు: హైదరాబాద్ మ్యూజియంలు, చారిత్రక గృహాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాద్‌లోని సాలార్ జంగ్ మ్యూజియం ఒక ఇంట్లో పుట్టింది. వస్తువులు భద్రంగా ఉన్నాయి, ఇల్లు మాత్రం మిగలలేదు. పురావస్తు శాస్త్రంలో ఒక వస్తువు ‘దొరికిన చోటు’కు ఎంత విలువ ఉందో, ఇలాంటి సేకరణలకు ఆ వస్తువులున్న ఇంటికి అంత విలువ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టితో నగరంలోని మరికొన్ని చారిత్రక గృహాలను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాలార్ జంగ్, దివాన్ దేవిడి, చౌమహల్లా, పురానీ హవేలీ, రెసిడెన్సీ, మ్యూజియం.

ఉపోద్ఘాతం:
తవ్వకంలో బయటపడిన కుండపెంకు ఏ గోతిలో, ఏ పొరలో, ఏ లోతులో దొరికిందో నమోదు కాకపోతే దాని చారిత్రక విలువలో అధికభాగం పోయినట్లే. ఈ సూత్రం చరిత్ర విద్యార్థులందరికీ తెలిసినదే. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఈ సూత్రం మీదనే నిలబడింది. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ, దానికి దీర్ఘకాలం సారథ్యం వహించిన గులాం యజ్దానీ ఆ క్రమశిక్షణను ఇక్కడ నెలకొల్పారు. అందువల్లనే కొండాపూర్ తవ్వకాల్లో లభించిన ఒక శాతవాహన నాణేన్ని చూసినప్పుడు మనకు ఒక లోహపు ముక్క కాక ఒక ఊరు కనిపిస్తుంది. (అదే మ్యూజియంలో అందరూ ముందుగా వెతికే ఈజిప్టు మమ్మీకి మాత్రం ఈ నేలతో ఏ సంబంధమూ లేదు. అది నిజాం కుటుంబీకుల ద్వారా ఇక్కడికి చేరింది.)

మూసీ దక్షిణపు గట్టున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియానికి వచ్చేసరికి పరిశోధకులు ఈ సూత్రాన్ని పక్కన పెడుతున్నారు. అక్కడి వస్తువులు తవ్వకంలో దొరికినవి కావు, కొనితెచ్చినవి. కనుక వాటికి ‘దొరికిన చోటు’ అనే ప్రశ్న వర్తించదని భావిస్తున్నారు. ఈ భావన సరైనది కాదు. ఆ వస్తువులు 1949లో ఒక ఇంట్లో దొరికాయి. ఆ ఇంటి పేరు దివాన్ దేవిడి.

దేవిడి నుంచి మ్యూజియానికి:
హైదరాబాద్ ఉర్దూలో ‘దేవిడి’ అంటే ప్రభువర్గపు నివాసం. తెలంగాణ పల్లెల్లో ‘గడి’ అనే మాటకు ఉన్న బరువు నగరంలో దీనికి ఉంది. గోడ, పెద్ద దర్వాజా, లోపల వరుసగా ఆవరణలు, దివాన్‌ఖానా, జనానా, నౌకర్ల వసతులు, కచేరీ అన్నీ కలిస్తేనే దేవిడి. దివాన్ దేవిడి నిజాం దివానుల నివాసంగా, కార్యాలయంగా కూడా నడిచింది. మొదటి సాలార్ జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853 నుంచి 1883లో మరణించే వరకు దివాన్‌గా ఉన్నారు. ఆ మూడు దశాబ్దాల్లో హైదరాబాద్ రాజ్యపు రెవెన్యూ, న్యాయ, పరిపాలనా సంస్కరణలకు ఆయనే కర్త. కనుక దివాన్ దేవిడిని ఒక ధనవంతుడి నివాసంగా మాత్రమే చూడకూడదు. అది రాజ్యానికి ఆయువుపట్టు వంటి చోటు.

సేకరణకు పునాది వేసిన వారిలో కూడా ఆయనే ప్రముఖులు. 1876లో ఐరోపా పర్యటనలో భాగంగా రోమ్ నగరంలో ఉన్నప్పుడు శిల్పి జియోవన్నీ మరియా బెంజోనీ చెక్కిన ‘వీల్డ్ రెబెక్కా’ పాలరాతి విగ్రహాన్ని ఆయన కొన్నారు. రాతిలోనే పలుచని మేలిముసుగును చూపిన ఆ పనితనం గురించి అందరూ చెబుతారు. కాని ఐరోపా శిల్పి ఊహించిన ముసుగు స్త్రీని, పరదా నిత్యజీవితంలో భాగమైన ఒక దక్కనీ ముస్లిం ప్రభువు కొని తన ఇంట్లో నిలబెట్టడంలో ఉన్న చారిత్రక వైచిత్రిని వివరించే వివరణ ఫలకం మ్యూజియంలో లేదు. ఆ విగ్రహం జనానాకు ఎంత దూరంలో ఉండేది, దాన్ని ఎవరెవరు చూడగలిగేవారు అన్న ప్రశ్నలు ఇల్లు ఉంటేనే అడగగలిగినవి.

రెండవ సాలార్ జంగ్ మీర్ లాయఖ్ అలీ ఖాన్ 1889లో చిన్న వయసులోనే మరణించారు. ఆయన కుమారుడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ అదే ఏడాది జన్మించారు. ఈ మూడవ సాలార్ జంగ్ 1912లో ఏడవ నిజాం వద్ద దివాన్ పదవి స్వీకరించి 1914లో వదిలిపెట్టారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన ప్రధాన వ్యాపకం సేకరణే. అవివాహితులు, ప్రత్యక్ష వారసులు లేరు. 1949 మార్చి 2న ఆయన మరణించే నాటికి హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసి ఆరు నెలలు కూడా కాలేదు. పాలకుడి అధికారం, దివాన్ వంశం, ఆ రెండింటికీ ఆధారమైన జాగీర్దారీ వ్యవస్థ దాదాపు ఒకేసారి ముగిశాయి. సేకరణ విడిపోకుండా ఒకేచోట నిలవడం ఆ పరిస్థితుల్లో తేలికైన పని కాదు. ఇందుకు నాటి ప్రభుత్వం నియమించిన ఎస్టేట్ కమిటీని, ముఖ్య పాలనాధికారి ఎం.కె. వెల్లోడి చొరవను గుర్తించాలి. వేర్వేరు భవనాల్లో చెదిరి ఉన్న వస్తువులను మ్యూజియంగా అమర్చే బాధ్యతను కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబర్ 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడిలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. అనంతరం వారసులు న్యాయస్థానం ద్వారా రాజీకి వచ్చి సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చారు. 1961 నాటి చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం దారుల్‌షిఫాలోని కొత్త భవనానికి మారింది.

పరిపాలన దృష్టిలో ఇది విజయగాథ. 40,000కు పైబడిన కళాఖండాలు, వేలాది అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతులు చెదిరిపోకుండా ప్రజల సొత్తయ్యాయి. అయితే వస్తువులు వెళ్లిపోయిన ఇంటిని కాపాడవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. తరువాతి దశాబ్దాల్లో దేవిడి కూలిపోయి అంగళ్ల సముదాయంగా మారింది. చీనీఖానా గోడలకు పొదిగిన పింగాణీ పళ్లేలను నేడు లాలా దీన్‌దయాళ్ ఛాయాచిత్రాల్లో మాత్రమే చూడగలం. పింగాణీని బల్ల మీద పెట్టడం వేరు, గోడలో భాగం చేయడం వేరు. రెండవ పద్ధతిలో ఆ పళ్లెం ఇంటి కట్టడంలోనే భాగం, విడిగా ‘కళాఖండం’ కాదు. మ్యూజియం గాజు పెట్టె అన్నింటినీ మొదటి పద్ధతికి దించుతుంది.

వర్గీకరణ చెప్పేది, దాచేది:
కొత్త భవనంలో వస్తువులు భారతీయ, పాశ్చాత్య, ప్రాచ్య విభాగాలుగా ఏర్పడ్డాయి. దంతం, జేడ్ రాయి, ఆయుధాలు, గడియారాలు, గాజు సామాను ఇలా పదార్థాన్ని బట్టి గదులు అమరాయి. వివరణ ఫలకాలు సాధారణంగా వస్తువు పేరు, దేశం, శతాబ్దం చెప్పి ఆగుతాయి. కొన్న ఏడాది, ఇంట్లో ఉన్న గది, వాడిన మనిషి ఆ పలకల మీదికి రారు. ఫౌండర్స్ గ్యాలరీలో ఆ వంశీకుల చిత్రాలు, వ్యక్తిగత సామగ్రి ఉన్నాయి. అయితే ఇంటి యజమానులు తమ ఇంటి సామానుల మధ్యే ఒక గదికి పరిమితమైన అతిథుల్లా కనిపిస్తారు.

సంగీత గడియారం ఇందుకు మంచి ఉదాహరణ. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ ద్వారా వచ్చిన ఆ గడియారంలో గంట గంటకూ ఒక చిన్న గడ్డపు మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు. దాని ముందు కుర్చీలు వేసి ఉంటాయి. సమయం దగ్గరపడుతుంటే పిల్లలు, పెద్దలు గుమిగూడతారు, గంట మోగగానే లేచి వెళ్తారు. ఈ ఉత్సాహాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. మ్యూజియంలో సందర్శకులు ఇంతసేపు నిలబడి చూసే వస్తువు మరొకటి అరుదు. అయినా ఇంట్లో గడియారం చేసే పని వేరు. అది కచేరీకి, భోజనానికి, నౌకర్ల వంతులకు వేళ చెబుతుంది. పన్నెండు గంటలకు అది పన్నెండు సార్లు మోగడం అక్కడ పని, ఇక్కడ ప్రదర్శన.

ఇల్లు మిగిలిన చోట్లు:
చౌమహల్లా ఇందుకు తలకిందులైన ఉదాహరణ. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యలో సలాబత్ జంగ్ కాలంలో మొదలై అయిదవ అసఫ్ జా అఫ్జల్‌ఉద్దౌలా కాలంలో పూర్తి అయిన ఈ ప్రాసాదంలో అఫ్జల్ మహల్, మెహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్ అనే నాలుగు భవనాలు, ఖిల్వత్ ముబారక్ దర్బారు మందిరం ఉన్నాయి. ఒకనాటి సుమారు 45 ఎకరాల్లో ఇప్పుడు మిగిలినది 12 ఎకరాలే. ప్రిన్సెస్ ఎస్రా పూనికతో పునరుద్ధరణ జరిగి 2005లో సందర్శకులకు తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. ఖిల్వత్‌లో గద్దె స్థానం, దాని ముందు నిలబడవలసిన దూరం, షాండ్లియర్ల కింద ఖాళీగా ఉన్న నేల ఇవన్నీ దర్బారు మర్యాదను ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా చెబుతాయి. వస్తువులు తక్కువైనా స్థలం సాక్ష్యం ఇస్తుంది. అయితే ఆ సాక్ష్యం దర్బారుకే పరిమితం. వంటవాళ్లు, దాసీలు, కావలివాళ్లు ఆ నున్నని సున్నపు గోడల మీద కనిపించరు.

వస్తువు, ఇల్లు ఒకేచోట మిగిలిన చోటు పురానీ హవేలీ. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల గది ఇక్కడ ఉంది. 170 అడుగులకు పైబడిన పొడవుతో, రెండు వరుసల చెక్క అల్మారాలతో, పై అంతస్తుకు చేతితో తిప్పే చెక్క లిఫ్టుతో ఉన్న ఈ గదిని ఎవరూ ఎక్కడికీ తరలించలేరు. అది గదీ, వస్తువూ కూడా. ఆయన ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదన్న జనశ్రుతి నిజమో కాదో అటుంచితే, ఇన్ని అల్మారాలను తీయడానికి, మడవడానికి, లెక్క పెట్టడానికి ఎంతమంది చేతులు పనిచేశాయో ఆ పొడవే చెబుతుంది. చౌమహల్లాలో కనిపించని నౌకరు ఇక్కడ లిఫ్టు పిడి దగ్గర కనిపిస్తాడు. అదే హవేలీలో 2000లో ఏర్పడిన నిజాం మ్యూజియంలో ఏడవ నిజాం రజతోత్సవ కానుకలు ఉన్నాయి. అవి వెండి భవనాల నమూనాలు, పేటికలు. చూడవలసినవే, కాని దుస్తుల గది ముందు అవి మూగవి.

మూసీకి ఉత్తరాన, కోఠిలో, మరో రకం ఇల్లు ఉంది. రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ప్రారంభించిన బ్రిటిష్ రెసిడెన్సీ అది. ఎత్తయిన స్తంభాలతో అధికారాన్ని ప్రకటించే ముఖభాగం నేటికీ ఉంది. ఆయన భార్య ఖైరున్నీసా బేగం కోసం కట్టించిన రంగ్ మహల్‌ను మాత్రం తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చివేశారు. పరదాలో ఉన్న ఆమెకు భవనం ముందువైపు చూపడానికే రెసిడెన్సీ చిన్న నమూనాను తోటలో కట్టించారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా నమూనా ఉంది, ఆమె ఇల్లు లేదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌలవీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వంలో దాడి జరిగింది ఈ భవనం మీదనే. ఆ రోజు బ్రిటిష్ వారి పక్షాన నిలిచిన దివాన్ నది అవతల దేవిడిలో ఉన్న మొదటి సాలార్ జంగ్. ఈ రెండు ఇళ్లనూ కలిపి చూస్తేనే 1857 నాటి హైదరాబాద్ అర్థమవుతుంది. వాటిలో ఒకటి 1949 నుంచి మహిళా కళాశాలగా పనిచేసి బతికింది. తరగతులు జరగడం వల్ల అరుగుదల కలిగినా, ఆ వాడకమే భవనాన్ని నిలబెట్టిందని నా అభిప్రాయం. నాంపల్లిలోని ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ కూడా ఇలాగే నిలిచింది. అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడుల ఆ ఇంట్లో 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తన తొలి రోజులు గడిపింది.

దేవిడిని మళ్లీ చదవడం:
కూలిన ఇంటిని కట్టలేం. ఏ వస్తువు ఎక్కడ ఉండేదో కొంతవరకు తిరిగి నమోదు చేయడం మాత్రం సాధ్యమే. 1912-15 మధ్య లియోనార్డ్ మన్ నాయకత్వంలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి గీసిన మున్సిపల్ పటాలు ఉన్నాయి. దీన్‌దయాళ్ ఛాయాచిత్రాలు ఉన్నాయి. ఈ రెండింటినీ మ్యూజియం వస్తువులతో పోల్చి, ఒక్కొక్క గదిని కాగితం మీద నింపుకుంటూ పోవడం ఒక పీహెచ్‌డీ విద్యార్థి చేపట్టదగిన పని. కళాచరిత్ర, పట్టణ చరిత్ర విభాగాలు విడివిడిగా చేస్తున్న పనిని ఇది కలుపుతుంది.

నాలుగో ఆధారానికి మాత్రం గడువు ఉంది. 1951 నుంచి 1968 వరకు పదిహేడేళ్ల పాటు సామాన్య ప్రజలు దివాన్ దేవిడి గదుల్లోనే మ్యూజియాన్ని చూశారు. బడిపిల్లలను వరుసగా తీసుకువెళ్లిన కాలం అది. 1968లో పదేళ్ల వయసున్న వారికి ఇప్పుడు డెబ్బైకి దగ్గరగా ఉంటాయి, వారి ఉపాధ్యాయుల్లో చాలామంది లేరు. పాతబస్తీలోనూ జంటనగరాల్లోనూ ఇంకా ఉన్న ఆ తరాన్ని కలిసి మౌఖిక సాక్ష్యం సేకరించేటప్పుడు మ్యూజియం నచ్చిందా అని అడిగి ప్రయోజనం లేదు. లోపలికి ఏ దర్వాజా గుండా తీసుకువెళ్లారు, చెప్పులు ఎక్కడ విడిచారు, ఏ తలుపులకు తాళాలు ఉండేవి, గడియారం మోత ఏ గది వరకు వినిపించేది, రెబెక్కా ఏ కిటికీ వైపు ముఖం పెట్టి నిలబడి ఉండేది అని అడగాలి.