'ఉంచుకున్నది' – ఇంటి హక్కు

పెళ్లి లేకుండా ఆడా మగా ఒకే ఇంట్లో ఉండటం చదువుకున్నోళ్ల పట్నం మోజు అని మనలోనే కొందరు అంటుంటారు. మన వాడల చరిత్ర ఎరిగినోళ్లు ఆ మాట అనరు. ఊరి దొర దళిత స్త్రీతో ఏళ్ల తరబడి ఉన్నా దాన్ని కాపురం అనలేదు. ఆమెకు మిగిలిన పేరు 'ఉంచుకున్నది'. జోగినిని దేవత పేరు చెప్పి పెళ్లికి దూరం చేసి ఊరి మగాళ్లకు వదిలారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ లో చట్టం వచ్చింది 1988లో. సహజీవనం గురించి మాట్లాడాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

హిందూ ధర్మశాస్త్రం పెళ్లిలేని సంబంధాన్ని గుర్తించకపోలేదు. కులం చూసి గుర్తించింది. శూద్రుని దాసీపుత్రునికి ఆస్తిలో వాటా ఇచ్చింది. ద్విజుల ఇళ్లలో అలా పుట్టినవాడికి మనోవర్తితో సరిపెట్టింది. ఒకే మగాడి దగ్గర చివరిదాకా ఉన్న 'అవరుద్ధ స్త్రీ'కి అతని ఆస్తి నుంచి మనోవర్తి ఉండేది. 1948లో చనిపోయిన ఒక శూద్రుని ఆస్తి నుంచి అలాంటి స్త్రీకి మనోవర్తి చెల్లుతుందని అమిరెడ్డి రాజగోపాలరావు కేసులో 1965లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె బ్రాహ్మణ స్త్రీ. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం మాత్రం పోషించాల్సినవాళ్ల జాబితాలో అవరుద్ధ స్త్రీని చేర్చలేదు. సంస్కరణ పేరుతో ఉన్న కాస్త ఆసరా కూడా పోయింది.

2006లో లతాసింగ్ కేసు, 2010లో ఖుష్బూ కేసు. ఈడొచ్చిన ఇద్దరు కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. నేరం కాకపోవడం వేరు, తలదాచుకోను ఇల్లుండటం వేరు. 2006 అక్టోబర్ 26న అమల్లోకొచ్చిన గృహహింస చట్టం 'పెళ్లివంటి సంబంధం'లో ఉన్న స్త్రీకీ ఆ ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే.

మరి ఏది పెళ్లివంటిది? 2010లో వేలుసామి తీర్పు కొలతలు పెట్టింది. లోకం ముందు ఇద్దరూ భార్యాభర్తల్లా మెలగాలి, ఇద్దరికీ పెళ్లాడే అర్హత ఉండాలి. డబ్బిచ్చి పోషిస్తూ ముఖ్యంగా పడకకో పనికో వాడుకునే 'కీప్'కు ఈ రక్షణ లేదంది. ఆ మాటను న్యాయవాది ఇందిరా జైసింగ్ కోర్టులోనే తప్పుబట్టారు. మన ప్రశ్న ఇంకోటి. దళిత స్త్రీని లోకం ముందు భార్యగా ఏ దొర చెప్పాడు? చెప్పకపోవడమే కదా కులం! మగాడు దాచిన దానికి శిక్ష ఆడదానికా?

ఇక పారిపోయి వచ్చిన కులాంతర జంటల సంగతి. 2018లో శక్తివాహిని తీర్పు ఇలాంటి జంటలకు జిల్లాల్లో రక్షణ గృహాలుండాలని చెప్పింది. అదే ఏడు సెప్టెంబర్ లో మిర్యాలగూడలో పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణే చంపించారు. పెళ్లే కాపాడలేని చోట పెళ్లికాని జంటకు దిక్కేది? అంటరానితనం చూపి ఇల్లు కాదంటే 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ చూపించొచ్చు. అందుకే ఇంటి ఓనరు కులం మాటెత్తడు, "పెళ్లి సర్టిఫికెట్ ఏదీ?" అంటాడు. 2025లో ఉత్తరాఖండ్ సహజీవనానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 21 ఏళ్లలోపువాళ్లయితే తల్లిదండ్రులకు కబురు పెడతారట. కులాంతర జంటకు ఆ కబురు దేనికి దారితీస్తుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు.

తాళిని కాదు, కలిసి బతికిన ఏళ్లనూ చేసిన చాకిరీనీ లెక్కగట్టే ఇంటి హక్కు కావాలి. 'ఉంచుకున్నది' అన్న మాట అప్పుడే చస్తుంది.