'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' గీతం: నిర్మాణం - కర్తృత్వ నిర్ణయం

ఉపోద్ఘాతం

1967 వేసవి నాటికి బ్రిటన్‌లో సైకెడెలిక్ రాక్ సంగీతం ఉచ్చస్థితికి చేరుకున్నది. స్పష్టమైన కథ కంటే చెదిరిన దృశ్యాలకు, నృత్యలయ కంటే స్వప్నావస్థను తలపించే నాదానికి ఈ ధోరణి ప్రాధాన్యమిచ్చింది. ప్రోకోల్ హారమ్ బృందం వెలువరించిన తొలి గీతం 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' ఈ కోవలో విశిష్టమైనది. దీనికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి కొద్ది నెలల్లో ముగిసిన నిర్మాణ చరిత్ర. రెండవది నాలుగు దశాబ్దాల తరువాత న్యాయస్థానాల్లో తేలిన కర్తృత్వ చరిత్ర. పలువురి చేతుల మీదుగా రూపొందిన పాటకు కర్త ఎవరన్న ప్రశ్నను ఈ రెండింటి ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. సాహిత్యం, బాణీ

గీత రచయిత కీత్ రీడ్ ఏ వాద్యమూ వాయించకపోయినా బృంద సభ్యుడిగానే పరిగణన పొందాడు. ఒక విందులో చెవినపడిన మాట నుంచి ఈ శీర్షిక పుట్టిందని ఆయన తెలిపాడు. పాలిపోయిన ముఖం మరింత తెల్లబారడమన్నది దాని భావం. రీడ్ నాలుగు చరణాలు రాయగా రికార్డులో రెండే నిలిచాయి. గాయకుడు, పియానో వాద్యకారుడు అయిన గారీ బ్రూకర్ దానికి బాణీ కట్టాడు. మంద్రస్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగే పద్ధతిని ఆయన జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీత స్ఫూర్తితో స్వీకరించాడు. 1967 మార్చిలో వీరిద్దరూ సాహిత్య, సంగీత హక్కులను ఎసెక్స్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థకు దఖలు పరిచారు. కాగితం మీద గీతం అప్పటికే పూర్తయినట్లు లెక్క.

2. ధ్వనిముద్రణలో చేరిన అంశం

హామండ్ ఆర్గన్ వాద్యకారుడు మాథ్యూ ఫిషర్ బృందంలో చేరింది ఆ ఒప్పందం తరువాతే. ఏప్రిల్‌లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో, డెనీ కోర్డెల్ నిర్మాణ సారథ్యంలో గీతం రికార్డయింది. డ్రమ్స్ వాయించడానికి బిల్ ఐడెన్‌ను బయటి నుంచి పిలిపించారు. పాట ఎనిమిది ఆవర్తనాల ఆర్గన్ వాదనంతో ఆరంభమవుతుంది. ఆ వాదనం మధ్యలోనూ తిరిగి వినిపిస్తుంది. దిగుతున్న మంద్రస్వరం మీద ఒక దీర్ఘస్వరాన్ని నిలిపి, ఆపై అల్లుకుపోయే పద్ధతి బాఖ్ మూడవ ఆర్కెస్ట్రా సూట్‌లోని 'ఎయిర్'ను గుర్తుకు తెస్తుంది. అయితే స్వరక్రమం దానికి నకలు కాదు. శ్రోత ఈ పాటను గుర్తుపట్టేది మాట వినిపించక ముందే, ఈ ఆర్గన్ వాదనంతోనే.

3. ప్రజాదరణ

మే 12న విడుదలైన రికార్డు జూన్ 8 నాటికి బ్రిటిష్ జాబితాలో ప్రథమస్థానం పొంది, ఆరు వారాలు అక్కడే నిలిచింది. అమెరికాలో అయిదవ స్థానానికి చేరింది. 1977లో, అంతకుముందు పాతికేళ్ల ఉత్తమ బ్రిటిష్ పాప్ గీతంగా 'బొహీమియన్ రాప్సొడీ'తో కలిసి పురస్కారం పొందింది. ఇంతకాలమూ కర్తలుగా నమోదైన పేర్లు రెండే.

4. కర్తృత్వ వివాదం

2005లో ఫిషర్ తన వాటా కోసం దావా వేశాడు. ఆర్గన్ భాగం తన బాణీకి అలంకారం మాత్రమేనని, దానికీ ఆధారం తాను బాఖ్ స్ఫూర్తితో కూర్చిన స్వరక్రమమేనని బ్రూకర్ వాదన. 2006 డిసెంబరులో హైకోర్టు ఫిషర్‌ను సహస్వరకర్తగా గుర్తించి, సంగీత హక్కులో 40 శాతం కేటాయించింది. ఆయన కోరింది సగం. 2008లో అప్పీలు కోర్టు సహకర్తృత్వాన్ని ఒప్పుకుంటూనే, 38 ఏళ్ల జాప్యం కారణంగా ఆర్థిక వాటాను నిరాకరించింది. పేరు దక్కి ఫలం దక్కని స్థితి అది. 2009 జులై 30న హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఫిషర్ వాటాను పునరుద్ధరించారు. ఇలాంటి హక్కుకు చట్టంలో కాలపరిమితి లేదని, జాప్యం వల్ల ప్రతివాదులకు కలిగిన నష్టం కంటే లాభమే ఎక్కువని వారు భావించారు. అయితే ఫలం దావా వేసిన నాటి నుంచే వర్తించింది; గడచిన 38 ఏళ్ల రాబడి బ్రూకర్ పక్షానే మిగిలింది.

ముగింపు

ఈ తీర్పు బ్రూకర్ కృషిని తోసిపుచ్చలేదు. పెద్ద వాటా ఆయనకే ఉంచింది. బాఖ్ ఛాయ ఉన్నంత మాత్రాన కొత్త కల్పనకు విలువ తగ్గదని కూడా స్పష్టం చేసింది. అయితే పాత రికార్డుల్లో పాలుపంచుకున్న ప్రతి వాద్యకారుడూ ఇదే దారి పట్టవచ్చన్న ఆందోళనకు తావిచ్చింది. ఆ ఆందోళనను తేలికగా తీసివేయలేము; వాయించిన ప్రతివారూ కర్తలు కారు. తొలగిస్తే పాట స్వరూపమే మారిపోయేంత సృజన ఉన్నప్పుడే ఆ పేరు తగుతుంది. పాట పుట్టుక ఒప్పందపత్రంతో ముగియదు, స్టూడియోలోనూ కొనసాగుతుంది. 1967 మార్చి నాటి పత్రంలో ఆర్గన్‌కు చోటు లేకపోవడానికి కారణం అప్పటికి ఆ స్వరాలు పుట్టకపోవడమే. పుట్టిన తరువాత పత్రాన్ని సవరించకపోవడమే అసలు లోపం. దాన్ని సరిచేయడానికి 42 ఏళ్లు పట్టింది.