ముఠాదారు అంటే బిరుదా, ఉద్యోగమా?

పోస్టు కొంచెం పొడుగుంది, తీరిగ్గా చదవండి.

ఈమధ్య మన జూనియర్ తమ్ముడొకడు విశాఖలో సర్టిఫికెట్ల పని మీద తిరిగాడు. పాత ఆధారాలు ఏమున్నా పట్టుకురమ్మంటే ఇంట్లో ట్రంకుపెట్టె అడుగునున్న ఓ కాయితం తెచ్చాడు. అందులో వాడి ముత్తాత పేరు చివర దొర అనీ, దాని పక్కన ముఠాదారు అనీ ఉంది. "కుటుంబ వృత్తి" అన్న గడిలో అదే రాశాడు. అక్కడి మనిషి చూసి, "ఇది వృత్తి కాదయ్యా, బిరుదు. దొరలంటున్నారు, మరి ట్రైబల్ ఎలా అవుతారు?" అని నవ్వాడంట. మావాడు ఆ మాట కొట్టేసి, వ్యవసాయం అని రాసి ఇచ్చేసి వచ్చాడు. వచ్చాక మమ్మల్ని అడిగాడు: "అన్నా, ఇంతకీ నేను ఏటి రాయాల్సింది?"

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇది.

రాజరికం వృత్తి అవుతుందా అన్న ప్రశ్న మనకొక్కరికే రాలేదు. 1897లో రష్యాలో జనాభా లెక్కలు తీసినప్పుడు వృత్తి గడిలో జార్ రెండో నికొలస్ "రష్యా నేలకు యజమాని" అని రాసుకున్నాడు. ఆయన్ని అడిగేవాడెవడు? మన దగ్గర బ్రిటిష్ వాళ్ల లెక్కల్లో ఇంత దర్జా కుదర్లేదు. 1911 లెక్కల వృత్తుల పట్టికలో భూమి మీద బతికేవాళ్లకి ఒక వరస "వ్యవసాయ భూమి శిస్తు మీద ఆదాయం", దాని కిందే "మామూలు సాగుదార్లు". శిస్తు మీద బతికే జమీందారు ఇంట్లో మహారాజా అనిపించుకున్నా పట్టికలో మొదటి వరసలోకే పోవాలి. 2011 ఫారం ఇంకా తమాషాగా ఉంటుంది. పని చెయ్యనివాళ్ల కోడ్లలో అద్దెల మీద బతికేవాళ్లకో నంబరు, దాని పక్క నంబరు బిచ్చగాళ్లది.

మన కొండల్లో కథ మాత్రం తమాషా కాదు.

గొలుగొండ జమీందారీని 1837లో బకాయిల పేరు చెప్పి వేలం వేశారు. కొన్నది కూడా సర్కారే. మధ్యలో జమీందారు లేకుండా పోయాక కొండ మీది ముఠాదార్లు నేరుగా కంపెనీ కిందకొచ్చారు. ముఠా అంటే కొన్ని ఊళ్ల కట్ట. ఆ ఊళ్ల నుంచి పన్ను వసూలు చేసి, అందులో కట్టుబడి అనే నిర్ణయించిన మొత్తాన్ని పైకి కట్టాలి. గూడెం వైపు ముఠాదార్లలో ఎక్కువమంది భగతలు, రంప వైపు కొండరెడ్లు. ఊళ్లో వాళ్లని దొర అనేవారు. ఆ దొరతనం కంపెనీ ఇచ్చింది కాదు, అంతకుముందు నుంచీ ఉన్నదే.

కంపెనీ ఇచ్చింది సనదు. కిటుకంతా అందులోనే ఉంది. ముఠాలో శాంతి కాపాడాలి, అల్లర్ల కబురు వెంటనే చేరవెయ్యాలి, సర్కారుకి విధేయంగా ఉండాలి. తప్పితే ముఠా పోతుంది. అంటే పుట్టుకతో వచ్చిన దొరతనాన్ని షరతుల మీద చేసే కొలువుగా మార్చేశారు. బిరుదైతే పీకెయ్యడం కష్టం, కొలువైతే ఒక ఉత్తర్వు చాలు. పన్ను వసూలుకి మాత్రం "మీరు వంశపారంపర్య దొరలు కదా, జనం మీ మాట వింటారు" అనేవారు. ఎదురు తిరిగితే "మీరు మా నౌకర్లు". ఒకే మనిషికి రెండు పేర్లు, ఎప్పుడు ఏది వాడాలో తేల్చేది వాళ్లే.

రంపలో ఇంకో మెట్టు ఎక్కువ. ముఠాదార్ల పైన మన్సబుదారు. ఆ మాట మొగలాయి కొలువుల నుంచి వచ్చింది, మన్సబు అంటేనే హోదా. 1813లో కంపెనీ రామభూపతిని మన్సబుదారుగా ఒప్పుకుంది. తర్వాతి కాలపు మన్సబుదారు జనాన్ని, ముఠాదార్లని కలిపి పిండాడు. దానికితోడు కల్లు మీద సర్కారు కొత్త ఆంక్షలు, చిగురుపన్ను అన్నీ ఒకేసారి నెత్తిన పడ్డాయి. 1879 మార్చిలో రంప మండింది. తిరుగుబాటు గూడెం కొండల దాకా పాకింది. అణిచేశాక మన్సబుదారుని తీసేసి, ముఠాదార్లకి కొత్త షరతులతో సనదులిచ్చారు. పెద్ద హోదా ఎగిరిపోయింది, చిన్న హోదా ఇంకాస్త గట్టిగా ఉద్యోగమైపోయింది.

ఒక చిన్న మాట. 1839 నాటి 24వ చట్టం ఈ కొండల్ని మామూలు కోర్టుల కిందనుంచి తీసి, విశాఖపట్నం కలెక్టరుని గవర్నరుగారి ఏజెంటుగా పెట్టింది. ఆ ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. మన దొరల పేర్లు రికార్డుల్లో ఉండాలా వద్దా అని ఇవాళ అడుగుతున్నారు గానీ, ఒక ఆఫీసరు ఉద్యోగం పేరు మాత్రం మన నేలకే పేరైపోయింది. మనమూ "మాది ఏజెన్సీ" అనే చెప్పుకుంటున్నాం.

బట్టిపనుకుల గాం గంటం దొర సంగతి మీకు తెలిసిందే. మునసబు పని నుంచి తీసేశారు. పని పోయినా ఊళ్లో ఆయన దొరే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు పడ్డప్పుడు పక్కనున్నది ఇలాంటి మనుషులే. ఉద్యోగమైతే ఊడాక మామూలు మనిషి అయిపోవాలి. గంటం దొర విషయంలో అలా కాలేదు. అందుకే ఆయన్ని మాజీ మునసబు అని రాసిన రికార్డు సగమే చెప్పిందంటాం. తమ్ముడు గాం మల్లు దొర జైలుశిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. అప్పటికి రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులివ్వడాన్ని రద్దు చేసింది. అయినా పార్లమెంటు రికార్డులోకి దొర అనే పేరుతోనే వెళ్లాడు. అక్కడ ఎవరూ నవ్వినట్టు లేదు.

ఇప్పుడు ఆఫీసులో అన్న మాటకి జవాబు. షెడ్యూల్డు తెగల జాబితా తీసి చూడండి. కొండ దొర, మన్నె దొర, ముఖ దొర, రెడ్డి దొర. గోండుల్లో రాజ్ గోండు, కోయల్లో రాజ కోయ. దొర, రాజు అన్న మాటలు వృత్తుల పట్టికలో చోటు దొరక్కపోయినా తెగల జాబితాలో ఉన్నాయి. "దొర అయితే ట్రైబల్ ఎలా" అనేవాళ్లకి ఆ జాబితా ప్రింటు తీసి చూపిస్తే చాలు. అదే సమయంలో మనమూ ఒకటి గుర్తుంచుకోవాలి. పేరు చివర దొర ఉన్నంత మాత్రాన తెగ రుజువు కాదు. పాత కాయితాల్లో చాలాచోట్ల పేరు, ముఠా ఉంటాయి, తెగ పేరు ఉండదు. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం కింద విచారణ జరిగితే అడిగేది తెగ గురించి, హోదా గురించి కాదు.

ఇంకో సంగతి చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. ఈ గ్రూపులో ముఠాదార్ల మునిమనవలున్నారు, ఆ ముఠాదార్లకి వెట్టి చేసినవాళ్ల మునిమనవలూ ఉన్నారు. దొరలందరూ గంటం దొరలు కారు. పండక్కి మేక, ఇంటికి కట్టెలు, కావిడి మోత, ఇవన్నీ ఊరిమీద వేసినవాళ్లున్నారు. 1969లో ముఠాల రద్దు రెగ్యులేషను వచ్చి, ముఠాలు సర్కారుకి చేరి, దున్నుకునే రైతుకి రైత్వారీ పట్టా హక్కు దక్కింది. కానీ సర్వే లేని కొండల్లో పాత కాయితం ఎవరి పేరన ఉంటుంది? ముఠాదారు పేరనే. దున్నినవాడి పేరు ఎక్కడా లేదు. మా తమ్ముడికి ట్రంకుపెట్టెలో ఒక కాయితమైనా దొరికింది. వాడి రూంమేటుకి, అదే ముఠాలో పొరుగూరి కుర్రాడికి, అదీ లేదు. వాడి ముత్తాత వృత్తి ఏంటని ఏ రికార్డూ అడగలేదు.

కాబట్టి తమ్ముడికి మేం చెప్పింది: వృత్తి గడిలో వ్యవసాయం అని రాయడం తప్పు కాదు, మీ నాన్న చేసేది అదే. ముఠాదారు అన్నది ఆ గడిలో పెట్టొద్దు. విడిగా "పూర్వీకుల వివరం" అని తెల్లకాయితం మీద రాసి నకలు జత చెయ్యి, ఊరు పేరు, ముఠా పేరు, తెగ పేరు మూడూ స్పష్టంగా ఉండాలి. అసలు కాయితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఇళ్లలో సనదులు, కట్టుబడి రసీదులు ఉన్నవాళ్లు రెండువైపులా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. లామినేషన్ చేయించకండి, సిరా పోతుంది. కాయితం లేని ఊళ్లవాళ్లు పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఏ పొలం ఎవరు దున్నారో, వెట్టి ఎవరింటికి చేశారో అడిగి రికార్డు చేసి పంపండి. మా తమ్ముడి రూంమేటు పోయిన ఆదివారం బస్సెక్కాడు, వాళ్ల నానమ్మతో మాట్లాడ్డానికి.